గనాడోలో ఇంకా నడుస్తున్న పాత కొట్టు

ఫీనిక్స్ చుట్టుపక్కల ఉండే మనవాళ్లం, ఇండియా నుంచి పెద్దవాళ్లు వస్తే గ్రాండ్ కాన్యన్ చూపించి, దారిలో కామెరన్ ట్రేడింగ్ పోస్టు (ఇక్కడి ఆదివాసులతో సరుకులు మార్చుకునే పాతకాలపు కొట్టు) దగ్గర ఆగి, నాలుగు కీచైన్లు కొని ఇంటికి తీసుకొచ్చేస్తాం. కామెరన్‌ని తక్కువ చేయను. 1916 నాటిది, గదులున్నాయి, రెస్టారెంటు ఉంది, పక్కనే 1911లో కట్టిన వేలాడే వంతెన ఉంది. కానీ ఇప్పుడది పెద్ద టూరిస్టు షాపు. మా అత్తగారిది పోచంపల్లి, మగ్గాల చప్పుడు మధ్య పెరిగిన మనిషి. అందుకే ఈసారి ఇంకో దిక్కుకి, ఈశాన్య అరిజోనాలో నవాహో ఆదివాసుల నేల మీదున్న గనాడోలోని హబెల్ ట్రేడింగ్ పోస్టుకి బయల్దేరాం.

హోల్‌బ్రూక్ మీదుగా వెళ్లి, ఛేంబర్స్ దగ్గర 191 హైవే ఎక్కాం. పన్నెండుకి చేరామనుకుంటే అక్కడ ఒంటిగంట! ఎండాకాలంలో అరిజోనా గడియారం మార్చదు, నవాహోల సొంత పాలనలో ఉన్న నవాహో నేషన్ మాత్రం గంట ముందుకి మారుస్తుంది. కొట్టు పాత యజమాని హబెల్ ఇల్లు చూపించే టూర్ అప్పుడే వెళ్లిపోయింది, తర్వాతి దానికి ఆగాల్సి వచ్చింది. తిండి సంగతి కూడా ముందే చూసుకోండి. మేం పులిహోర పట్టుకెళ్లాం కాబట్టి బతికాం.

కొట్టులోకి టికెట్ లేదు. అడుగు పెట్టగానే చెక్క నేల కిర్రుమంటుంది. మధ్యలో కట్టెల పొయ్యి, మూడు వైపులా ఛాతీ ఎత్తు కౌంటర్లు, పైనుంచి వేలాడే గుర్రపు జీన్లు, లాంతర్లు. అరల్లో మాత్రం ఇప్పటి డబ్బాలు, పిండి సంచులు. ఇది మ్యూజియంలో పెట్టిన ఉత్తుత్తి కొట్టు కాదు, నిజంగానే అమ్ముతారు.

1864లో అమెరికా సైన్యం నవాహోల మందల్నీ పంటల్నీ నాశనం చేసి, వాళ్లని వందల మైళ్లు నడిపించి న్యూ మెక్సికోలోని బోస్క్ రెడోండో నిర్బంధ శిబిరానికి తరలించింది. 1868 ఒప్పందం తర్వాత తిరిగొచ్చిన వాళ్లకి పిండి, చక్కెర, కాఫీ కావాలి. చేతిలో ఉన్నది ఉన్ని, నేత, వెండి పని. జాన్ లొరెంజో హబెల్ 1878లో ఈ కొట్టు కొన్నాడు. ఉన్ని కత్తిరించే కాలం దాకా అరువు, లేదంటే వెండి నగల తాకట్టు. నవాహోలు అతన్ని 'ముసలి మెక్సికన్' అనేవారు. మంచివాడనే పేరుంది, అతని స్నేహితుడైన నవాహో మనిషి సమాధి కూడా హబెల్ కుటుంబ సమాధుల పక్కనే గుట్ట మీద ఉంది. అయినా పద్దు పుస్తకం ఎప్పుడూ కౌంటరు అవతలే ఉండేదన్న సంగతి నేను మర్చిపోలేకపోయాను.

రగ్గుల గదిలో గోడనిండా చిన్న చిన్న పెయింటింగులు. హబెల్ తనకి నచ్చిన నమూనాల్ని ఇలా గీయించి నేతగత్తెలకి చూపించేవాడట. ముదురు ఎరుపు మీద నలుపు, తెలుపు, బూడిద రంగుల 'గనాడో రెడ్' రగ్గు అలా పేరు తెచ్చుకుంది. అత్తగారు ఒక రగ్గు అంచు పట్టుకుని వెనక్కి తిప్పారు. రెండు వైపులా ఒకటే. "కుచ్చులేవీ? పడుగు కొయ్యలేదా?" అన్నారు. కొయ్యరు. ఒకే దారాన్ని పైకీ కిందికీ చుడుతూ పడుగు వేస్తారు. పేక దాన్ని పూర్తిగా కప్పేస్తుంది. చీటీ మీద నేసినావిడ పేరు, ధర ఉన్నాయి. ధర చూసి మా ఆయన నోరు తెరిచారు. అత్తగారు మాత్రం ఇంత పని నెలల్లో లెక్కేసి, "ఎక్కువేం కాదు" అన్నారు. అయినా కొనలేదు.

ఇంటి హాల్లో కప్పు దూలాల మధ్య బుట్టలే బుట్టలు. 1930లో హబెల్ పోయాక కొడుకు రోమన్, అతని తర్వాత కోడలు డొరొతీ నడిపారు. 1967లో ఆవిడ దీన్ని సామాన్లతో సహా నేషనల్ పార్క్ సర్వీసుకి అమ్మారు. వ్యాపారం ఆపకుండా కాపాడాలన్న ఆ నిర్ణయం నాకు బాగా నచ్చింది. తాళం వేసి ఉంటే ఆ నేల కిర్రుమనేది కాదు.

రాత్రి బసకి గనాడోలో ఆగలేదు, ఉత్తరాన చిన్లేకి వెళ్లాం. నవాహోల చేతిలోనే ఉన్న థండర్‌బర్డ్ లాడ్జ్‌లో గదులు సాదాగా ఉంటాయి. అక్కడి క్యాంటీన్ కూడా ఒకప్పటి ట్రేడింగ్ పోస్టే. నవాహో నేల మీద మందు నిషేధం, వెతక్కండి. ఫ్రై బ్రెడ్ మన పూరీకి దొడ్డ అన్న. శాకాహారులు మాత్రం ఏ నూనెలో వేయించారో అడగండి.

మర్నాడు చిన్లే పక్కనే ఉన్న కాన్యన్ డి షెలీ లోయ దక్షిణపు అంచున స్పైడర్ రాక్ చూశాం. లోయలోంచి నిటారుగా లేచిన ఎర్ర రాతి స్తంభం. నవాహోలకి నేత నేర్పిన స్పైడర్ వుమన్ దాని మీదే ఉంటుందని వాళ్ల నమ్మకం. అత్తగారికి చెప్తే, "మనం మాత్రం సాలెపురుగు అని ఊరికే అన్నామా" అంటూ రెయిలింగ్ పట్టుకుని చాలాసేపు నిలబడ్డారు.