ఏ సూర మేలు? డబ్బాలోదా, గాలానికి పడినదా, లేక కానాగంతేనా?

"పెద్దమ్మా, నాకు అయిదో నెల. ట్యూనా తినవచ్చా?" అని డల్లాస్ నుంచి మా చెల్లెలి కూతురు ఫోనులో అడిగింది. వెనక నుంచి అల్లుడు అందుకున్నాడు: "ఆరోగ్యం సంగతి సరే అత్తయ్యగారూ, అసలు తినడమే పాపమట. హిందూ మహాసముద్రాన్ని ఖాళీ చేసేస్తున్నారట." ఆమెకు కడుపులో బిడ్డ గురించి బెంగ, అతనికి సముద్రం గురించి. ఇద్దరికీ ఒకే జవాబు చెల్లుతుందేమో చూద్దామని కూర్చున్నాను. చాలావరకు చెల్లింది. ఒక్కచోట మాత్రం ఆరోగ్యం ఒకవైపు లాగింది, ధర్మం మరోవైపు లాగింది.

ముందు పేరు సంగతి. ట్యూనా ఒక్క చేప కాదు, ఒక కుటుంబం. మన తీరంలో సూర అంటారు, కొన్నిచోట్ల తూర. తమిళుల సూరై, మలయాళీల చూర ఇదే. సొర వేరు. అది షార్కు. ఒక్క గుణింతం తేడా అయినా, ఆ తేడా మళ్ళీ చివర్లో పనికొస్తుంది, గుర్తుంచుకోండి.

ఆరోగ్యం లెక్కలో అసలు దొంగ పాదరసం. బొగ్గు మండించినప్పుడు గాలిలో కలిసేది సముద్రం చేరుతుంది. అక్కడి సూక్ష్మజీవులు దాన్ని మిథైల్ మెర్క్యురీగా మారుస్తాయి. చిన్న చేపను పెద్దది, దాన్ని ఇంకా పెద్దది తింటూ పోతుంటే విషం మెట్టు మెట్టుకూ చిక్కబడుతుంది. అది కండలోనే ఉంటుంది కనుక తోలు తీసినా, పసుపు పట్టించినా, వేయించినా పోదు. జపాన్‌లోని మినమాతాలో 1956లో బయటపడిన ఘోరానికి కారణం ఒక కర్మాగారం నేరుగా సముద్రంలోకి వదిలిన పాదరసం. మన పళ్ళెంలోది ఆ మోతాదు కాదు. కానీ గర్భంలోని బిడ్డ మెదడుకు చిన్న మోతాదు కూడా చిన్నది కాదని నేర్పింది ఆ ఊరే.

అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ పరీక్షల సగటు చూడండి. కిలో మాంసంలో పాదరసం సార్డీన్లలో, అంటే మన కవళ్ళ జాతిలో, 0.013 మిల్లీగ్రాములు. 'లైట్' అని రాసి అమ్మే ట్యూనా డబ్బాలో 0.126. ఇందులో ఎక్కువగా ఉండేది స్కిప్‌జాక్ అనే చిన్న సూర. ఇక పెద్ద సూరల్లో, ఆల్బకోర్ డబ్బాలో 0.35, ఎల్లోఫిన్‌లో 0.354, బిగ్‌ఐలో 0.689. కవళ్ళకూ బిగ్‌ఐకీ మధ్య యాభై రెట్ల తేడా. ఈ రెండింటినీ 'చేప' అన్న ఒకే మాట కింద చేర్చి 'వారానికి రెండుసార్లు చేప తినండి' అని సలహా ఇచ్చేవారిని చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది.

బిగ్‌ఐ గురించి ఎక్కువ తర్జనభర్జన అక్కర్లేదు. గర్భిణులు, బాలింతలు, పిల్లలు అసలు ముట్టవద్దని ఎఫ్‌డీఏ జాబితాలోనే ఉంది. హిందూ మహాసముద్రంలో దాన్ని శక్తికి మించి పట్టేశారని, ఇంకా పడుతూనే ఉన్నారని 2022 అంచనా చెప్పింది. ఆరోగ్యం, ధర్మం రెండూ వద్దంటున్నాయి. వదిలేద్దాం. సుషీ దుకాణాల బ్లూఫిన్ కథ కాస్త వేరు. పసిఫిక్‌లో ఒకప్పుడు అసలు సంఖ్యలో రెండు శాతం దగ్గరకు పడిపోయిన జాతి, కోటాలు బిగించాక అనుకున్నదానికంటే ముందే కోలుకుంది. ఆపితే చేప తిరిగి వస్తుందనడానికి అదే రుజువు. కానీ 2019 జనవరిలో టోక్యో వేలంలో 278 కిలోల ఒక్క చేప 33 కోట్ల యెన్లు దాటింది. అది మా వంటింటి సమస్య కాదు.

ఎల్లోఫిన్ దగ్గరే అల్లుడి మాట సగం నిజం. సీషెల్స్‌లోని విక్టోరియాలో ఉన్న హిందూ మహాసముద్ర ట్యూనా కమిషన్ 2015లో దీన్ని మితిమీరి పట్టిన జాతిగా ప్రకటించి, మరుసటి ఏడాది కోత ప్రణాళిక పెట్టింది. 2024లో వచ్చిన కొత్త అంచనా మాత్రం ఇక ప్రమాదం లేదంది. లెక్కకు వాడిన సమాచారం కూడా మారింది కనుక నేను పండుగ చేసుకోను. అయినా పాత మచ్చ చూపించి ఇప్పటికీ పాపమనడం న్యాయం కాదు.

అసలు న్యాయం ప్రశ్న వేరేచోట ఉంది. ఎవరు పట్టారు? స్పెయిన్, ఫ్రాన్స్ కంపెనీల భారీ ఓడలు సీషెల్స్ చుట్టూ కిలోమీటరు దాటే చుట్టువలలు వేసి పట్టేది ఎల్లోఫినే. అనకాపల్లి జిల్లా పూడిమడక నుంచి ఇంజను పడవ వేసుకుని వెళ్ళి, గాలంతో ఒక్కొక్కటిగా లాగేదీ ఎల్లోఫినే. కోత ఇద్దరికీ ఒకేలా ఎలా పెడతారని తీరదేశాలు గొడవ పడ్డాయి. ఒక తీర్మానానికి అభ్యంతరం రాసిన దేశాల్లో మనదీ ఉంది. నాకు పూడిమడక చేపే మేలు. ఒక గాలానికి ఒక చేప. గాలానికి కూడా తాబేలో సొరో చిక్కుతుంది, కాదనను. కానీ నీళ్ళలో తెరలా నిలబెట్టి చేపల మొప్పలు చిక్కుకునేలా వేసే గిల్‌నెట్లతో పోలిక లేదు. హిందూ మహాసముద్రంలో సూర కోసం వేసిన ఆ వలల్లో 1950 నుంచి 2018 దాకా సుమారు 41 లక్షల డాల్ఫిన్లు, చిన్న తిమింగలాలు చచ్చి ఉంటాయని ఒక అధ్యయనం అంచనా.

పూడిమడక సూరకైనా ఒక తిరకాసు ఉంది: ఐసు. సూర కండలో హిస్టిడిన్ అనే అమైనో ఆమ్లం ఎక్కువ. పట్టిన వెంటనే చల్లబరచకపోతే బాక్టీరియా దాన్ని అలర్జీ లాంటి లక్షణాలు తెచ్చే హిస్టమిన్‌గా మారుస్తాయి. ఇక ఎంత ఉడికించినా అది పోదు. కొన్నేళ్ళ కిందట ఒక హోటల్లో సూర వేపుడు తిన్న అరగంటకు నా ముఖం మిరపపండులా ఎర్రబడింది. తల పగిలిపోయేంత నొప్పి, ఒళ్ళంతా దురద. చేప పడలేదనుకున్నాను. చేప పడకపోవడం కాదు, ఎండలో పడి ఉన్న చేప తినడం. అలర్జీ మాత్రతో తగ్గింది. తింటున్నప్పుడు నాలుకకు మిరియపు ఘాటు తగిలిన గుర్తు. ఆ ఘాటు తగిలితే పళ్ళెం పక్కన పెట్టండి, డబ్బు పోతే పోయింది. ఎర్రటి రంగు చూసి తాజా అనుకోవడమూ పొరపాటే. కార్బన్ మోనాక్సైడ్ పట్టిస్తే పాత ముక్క కూడా రోజుల తరబడి ఎర్రగానే మెరుస్తుంది. యూరప్ ఆ పద్ధతిని ఒప్పుకోదు, అమెరికా ఒప్పుకుంటుంది.

ఇక మొదట్లో చెప్పిన పేచీ. స్కిప్‌జాక్ చిన్నది, త్వరగా ఎదుగుతుంది, త్వరగా పిల్లలు పెడుతుంది, పాదరసం తక్కువ. 2023 అంచనా ప్రకారం సముద్రంలో దీనికి కొదవ లేదు. 2018–20 కాలానికి ఏడాదికి 4.7 లక్షల టన్నుల పరిమితి పెడితే, 2018లోనే ఆరు లక్షల టన్నులు దాటి పట్టారు. అయినా నిలబడింది, గట్టి పిండం. ఒంటికి ఇంతకంటే మంచి సూర లేదు. కానీ దాన్ని చవకగా పట్టే పద్ధతి ఉంది చూశారూ, అదే నాకు మింగుడు పడదు. సముద్రంలో తెప్పలాంటి వాటిని ఉపగ్రహ పరికరాలు కట్టి వదులుతారు. ఆ నీడకు చేపలు చేరతాయి. చుట్టూ వల బిగిస్తే స్కిప్‌జాక్‌తో పాటు ఈడు రాని ఎల్లోఫిన్, బిగ్‌ఐ పిల్లలు కూడా కుప్పలుగా వస్తాయి. అంటే ఆరోగ్యానికి మంచి డబ్బా కొనుక్కుంటూ, పక్క జాతి పసిపిల్లల బతుకు తుంచుతున్నాం.

దీనికి విరుగుడు మాల్దీవుల్లోనూ, మన లక్షద్వీప్‌లోని మినికాయ్‌లోనూ తరతరాలుగా ఉంది. బతికిన చిన్న చేపల ఎర విసిరి, నీళ్ళు చిమ్మి, వెదురు గడకు గాలం కట్టి పొట్ట మీద నామాల్లాంటి చారలున్న స్కిప్‌జాక్‌ను ఒక్కొక్కటిగా పైకి ఎగరేస్తారు. డబ్బా మీద 'పోల్ అండ్ లైన్' అని ఉంటే అది. ధర ఎక్కువే. 'డాల్ఫిన్ సేఫ్' అన్న ముద్ర చూసి మురిసిపోవద్దు. అది తూర్పు పసిఫిక్‌లో సూర వలల్లో డాల్ఫిన్లు చచ్చిన గొడవతో 1990లో పుట్టిన ముద్ర. డాల్ఫిన్ల గురించి తప్ప చేపల నిల్వ గురించి ఒక్క మాట చెప్పదు.

మరి సూరే ఎందుకు? కానాగంత (ఇండియన్ మాకెరల్) లేదా? 1803లో పాట్రిక్ రస్సెల్ అనే ప్రకృతి శాస్త్రవేత్త విశాఖలో దొరికిన 200 చేపలను బొమ్మలతో అచ్చు వేయించినప్పుడు మన జాలరి నోటి మాటనే ఆంగ్లంలో 'కనగుర్త' అని రాసుకున్నాడు. ఇప్పటికీ ప్రపంచమంతటా ఆ చేప శాస్త్రీయ నామంలో రెండో సగం అదే. ఇక కవళ్ళలో ఒమేగా-3 ట్యూనా లైట్ డబ్బాలో కంటే చాలా ఎక్కువ, పాదరసం పదో వంతు. అయితే చిన్న చేప కదా అని నిశ్చింతగా ఉండటానికి లేదు. కేరళ తీరంలో 2012లో సుమారు 3.9 లక్షల టన్నులు పడిన నూనె కవళ్ళు 2021లో మూడు వేల టన్నుల చిల్లరకు పడిపోయాయి. సముద్రం వేడెక్కడం ఒక కారణమైతే పిల్ల చేపలను ఊడ్చేయడం మరొకటి. కవళ్ళలో కొంత చేపపిండిగా మారి రొయ్యల మేతలోకి పోతుంది కూడా. మనిషి తినడం అన్నిటికంటే నయం.

కనుక పిల్లకు చెప్పింది ఇది: ఇండియన్ దుకాణంలో ఫ్రోజెన్ కానాగంత, కవళ్ళు దొరికితే అవే, వారానికి రెండుసార్లు. డబ్బానే కావాలంటే స్కిప్‌జాక్, గాలంతో పట్టినది. ఎల్లోఫిన్, ఆల్బకోర్ వారానికి ఒక్కసారికి మించి వద్దు, బిగ్‌ఐ అసలే వద్దు. అల్లుడికి మొదటి రెండూ చెల్లుతాయి. నేను మాత్రం విశాఖ రేవులో ఐసు మీద ఉన్న గాలం సూరను నెలకోసారి తెచ్చుకుంటాను.

"ముళ్ళు తీయడం కష్టం పెద్దమ్మా" అని గొణిగి, అంతలో ఏదో గుర్తొచ్చినట్టు అంది: "కాన్పుకు వచ్చేటప్పుడు అమ్మ ఎండు సొర తెస్తానంటోంది. పాలు బాగా పడతాయట."

సొరలో పాదరసం కిలోకు 0.979. బిగ్‌ఐ కంటే ఎక్కువ. ఎండబెడితే నీరు పోయి ఇంకా చిక్కబడుతుంది.

"మీ అమ్మకు ఫోను ఇవ్వు" అన్నాను. "ఆవిడ హైదరాబాదులో కదా" అంది. "అవును కదా. సరే, నేనే చేస్తాను."