సెట్, సెట్‌ఎక్స్, పవర్‌షెల్: విండోస్‌లో యూజర్ ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్ పెట్టడానికి ఏది మేలు?

పోయిన వారం మా అక్క కొడుకు ఫోన్ చేసి, మామయ్యా జావా పెట్టుకున్నా, అప్పట్నుంచి పైథాన్ దొరకట్లేదు, వీఎస్ కోడ్ కమాండ్ కూడా రావట్లేదు, ల్యాప్‌టాప్ ఫార్మాట్ కొట్టేయనా అన్నాడు. ఆగరా, ముందు ఏం టైప్ చేశావో చెప్పు అన్నా. ఏదో వీడియో చూసి సెట్‌ఎక్స్ అనే కమాండ్‌తో పాత్ (ప్రోగ్రాముల కోసం విండోస్ వెతికే ఫోల్డర్ల జాబితా) మార్చాడంట, అదీ పవర్‌షెల్ విండోలో, అంటే కమాండ్ ప్రాంప్ట్ లాంటిదే ఇంకో కమాండ్ విండోలో. ఆ విండో ఇంకా తెరిచే ఉందా అంటే ఉంది అన్నాడు, అప్పుడు కానీ నాకు ఊపిరి ఆడలేదు. ఎందుకో కిందకి వెళ్లేకొద్దీ తెలుస్తుంది.

ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్ అంటే ప్రోగ్రాములు చదువుకునేలా ఒక పేరు కింద పెట్టిన విలువ, పాత్ కూడా అలాంటిదే. ముందు మామూలు సెట్. కమాండ్ ప్రాంప్ట్‌లో సెట్ అని కొట్టి పేరు, ఈక్వల్, విలువ ఇస్తే ఆ విండో ఉన్నంతసేపే ఉంటుంది, ఆ విండోలోంచి మొదలయ్యే ప్రోగ్రాములకి కూడా అందుతుంది, మూసేస్తే పోతుంది. ఒక్కసారి ఏదైనా టెస్ట్ చేసి చూడ్డానికి దీనికి మించింది లేదు, పాడయ్యేది ఏమీ లేదు కాబట్టి. ఒకే జాగ్రత్త, ఈక్వల్‌కి అటూ ఇటూ స్పేస్ ఇవ్వకండి, ముందు ఇస్తే ఆ స్పేస్ కూడా పేరులో కలిసిపోయి వేరే వేరియబుల్ తయారవుతుంది, తర్వాత ఇస్తే విలువలో కలిసిపోతుంది. ఇంకోటి, ఇదే లైను పవర్‌షెల్‌లో కొడితే ఎర్రర్ రాదు, పనీ జరగదు, ఎందుకంటే అక్కడ సెట్ అంటే పవర్‌షెల్ సొంత వేరియబుల్ పెట్టే కమాండ్‌కి ముద్దుపేరు. పవర్‌షెల్‌లో దీనికి సరిజోడు డాలర్, ఈఎన్‌వీ, కోలన్, తర్వాత పేరు. విండోస్ 11లో టెర్మినల్ తెరిస్తే మామూలుగా వచ్చేది పవర్‌షెల్లే కాబట్టి పాత పాఠాలు చూసి చేసేవాళ్లు ఎక్కువగా ఇక్కడే ఇరుక్కుంటున్నారు.

ఎప్పటికీ ఉండాలంటే సెట్‌ఎక్స్. అది రిజిస్ట్రీలో, అంటే విండోస్ తన సెట్టింగులు దాచుకునే చోట, కరెంట్ యూజర్ కింద ఎన్విరాన్‌మెంట్ అనే చోట రాసేస్తుంది, అడ్మిన్ అక్కర్లేదు, ఆఫీసు ల్యాప్‌టాప్‌లో అడ్మిన్ ఇవ్వని వాళ్లకి ఇది పెద్ద సాయం. ఇక్కడ ఈక్వల్ లేదు, సెట్‌ఎక్స్ అని కొట్టి స్పేస్, పేరు, స్పేస్, కోట్స్‌లో విలువ, అంతే. జావా హోమ్ (జావా ఏ ఫోల్డర్‌లో ఉందో చెప్పే వేరియబుల్) లాంటి చిన్న చిన్న వాటికి నేను కళ్లు మూసుకుని ఇదే వాడమంటా, ఎందుకంటే గుర్తుంటుంది, కమాండ్ ప్రాంప్ట్‌లోనూ పవర్‌షెల్‌లోనూ ఒకేలా పనిచేస్తుంది. ఫోల్డర్ పేరు చివర బ్యాక్‌స్లాష్ మాత్రం పెట్టకండి, దాని పక్కనే ఉన్న కోట్‌ని అది విలువలో భాగం చేసేస్తుంది. పెట్టిన వెంటనే అదే విండోలో చూసి రాలేదే అని నాలుగుసార్లు కొట్టేవాళ్లని చాలామందిని చూశా, అది కొత్తగా తెరిచే విండోలకే వస్తుంది. వీఎస్ కోడ్ లోపలి టెర్మినల్ అయితే వీఎస్ కోడ్‌నే పూర్తిగా మూసి తెరవాలి.

ఇప్పుడు పాత్ సంగతి, నేను ఇదంతా రాస్తున్నదే దీనికోసం. సెట్‌ఎక్స్‌తో పాత్ మార్చకండి, అసలు వద్దు. మన కంప్యూటర్‌లో పాత్ ఒకటి కాదు రెండు, సిస్టమ్‌ది ఒకటి, యూజర్‌ది ఒకటి, విండో తెరిచినప్పుడు సిస్టమ్‌ది ముందు, యూజర్‌ది వెనక కలిపి ఒకటిగా చూపిస్తుంది. కమాండ్ ప్రాంప్ట్‌లో పర్సెంట్ గుర్తుల మధ్య పాత్ అని రాసి దానికి కొత్త ఫోల్డర్ తగిలించి సెట్‌ఎక్స్ కొడితే ఆ కలిపిన మొత్తం యూజర్ పాత్‌లోకి వెళ్లి కూర్చుంటుంది, పైగా సెట్‌ఎక్స్ 1024 అక్షరాల దగ్గర కత్తిరించేస్తుంది, ఒక వార్నింగ్ చూపిస్తుంది కానీ అప్పటికే రాసేసి ఉంటుంది, వెనక ఉన్నది యూజర్ భాగం కదా, తెగేది అదే. పవర్‌షెల్‌లో ఇంకో రకం నష్టం, అక్కడ పర్సెంట్ గుర్తులకి అర్థం లేదు కాబట్టి ఆ అక్షరాలనే ఉన్నదున్నట్టు రాసేస్తుంది, యూజర్ పాత్‌లో అంతకుముందు ఉన్నవన్నీ గల్లంతు. మావాడికి జరిగింది ఇదే. కానీ సెట్‌ఎక్స్ కొట్టిన ఆ పాత విండోకి మార్పు అందదు కదా, అందులో పాత పాత్ మొత్తం అలాగే భద్రంగా ఉంటుంది. దాన్ని స్క్రీన్ మీద చూపించమని, కాపీ చేసి నోట్‌ప్యాడ్‌లో పెట్టుకోమని, వాడి పేరుతో ఉన్న ఫోల్డర్లు ఏరి మళ్లీ యూజర్ పాత్‌లో పెట్టించా, పది నిమిషాల్లో అన్నీ వచ్చేశాయి. ఇలాంటిది మీకు జరిగితే ఆ విండో మాత్రం మూయకండి.

మరి పాత్‌కి దారి ఏంటంటే పవర్‌షెల్‌లో డాట్‌నెట్ (మైక్రోసాఫ్ట్ ప్రోగ్రామింగ్ వేదిక) పద్ధతి. స్క్వేర్ బ్రాకెట్లలో ఎన్విరాన్‌మెంట్, రెండు కోలన్లు, సెట్‌ఎన్విరాన్‌మెంట్‌వేరియబుల్ అని గ్యాప్ లేకుండా, తర్వాత బ్రాకెట్లో పేరు, విలువ, యూజర్ అనే మూడు ముక్కలు కోట్స్‌లో. చూడ్డానికి చాంతాడంత ఉంటుంది, నిజమే, కానీ 1024 గొడవ లేదు, ముఖ్యంగా ఇదే పద్ధతిలో సెట్ బదులు గెట్ వాడి ఉత్త యూజర్ పాత్‌ని మాత్రమే చదవచ్చు, దానికి సెమీకోలన్, కొత్త ఫోల్డర్ కలిపి తిరిగి రాస్తే సిస్టమ్ పాత్ జోలికి వెళ్లదు. ఒక చిన్న లోటు ఉంది, పర్సెంట్ గుర్తుల్లో యూజర్‌ప్రొఫైల్ అని ఉన్న చోట అసలు ఫోల్డర్ పేరు పడుతుంది, సొంత ల్యాప్‌టాప్‌లో దాంతో ఇబ్బంది రాదు. మార్చేముందు రెగ్ ఎక్స్‌పోర్ట్ అనే కమాండ్‌తో రిజిస్ట్రీలోని ఆ ఎన్విరాన్‌మెంట్ కీని ఒక ఫైల్‌లోకి తీసిపెట్టుకోండి, అర నిమిషం పని.

కొందరు రెగ్ యాడ్‌తో నేరుగా రిజిస్ట్రీలో రాస్తారు. రాయడం వరకూ బాగానే ఉంటుంది, కానీ మార్పు జరిగిందని మిగతా ప్రోగ్రాములకి కబురు వెళ్లదు, సెట్‌ఎక్స్, డాట్‌నెట్ పద్ధతి రెండూ ఆ కబురు పంపిస్తాయి, రెగ్ యాడ్ చేస్తే లాగౌట్ అయి రావాల్సి వస్తుంది. అందుకే పెట్టడానికి నేను వాడను. తీసేయడానికి మాత్రం రెగ్ డిలీట్ పనికొస్తుంది, సెట్‌ఎక్స్‌తో విలువ ఖాళీ చేయగలం కానీ వేరియబుల్‌ని తీసేయలేం. విండోస్‌తో పాటే వచ్చే పవర్‌షెల్ 5.1లో అయితే డాట్‌నెట్ పద్ధతిలో విలువ చోట ఖాళీ ఇస్తే చాలు, అదే పోతుంది.

ఇన్ని చేశాక కూడా పాత జావానే వస్తోంది అంటే, ఆ పాతది సిస్టమ్ పాత్‌లో ఉందేమో చూడండి, అది ముందు ఉంటుంది కాబట్టి యూజర్ పాత్‌లో మీరు ఎన్నిసార్లు మార్చినా అదే గెలుస్తుంది, దానికి అడ్మిన్ కావాల్సిందే. ఏపీఐ కీలు (ఆన్‌లైన్ సేవలు వాడుకోడానికి ఇచ్చే రహస్య కోడ్‌లు), పాస్‌వర్డ్‌ల లాంటివి మాత్రం సెట్‌ఎక్స్‌తో గానీ పవర్‌షెల్‌తో గానీ శాశ్వతంగా పెట్టకండి దయచేసి, రిజిస్ట్రీలో మామూలు అక్షరాల్లోనే పడి ఉంటాయి, మీ లాగిన్‌లో నడిచే ప్రతి ప్రోగ్రామూ చదవగలదు.