పాత ఫోన్ బ్యాటరీ ఎంత అరిగిందో చూడటానికి ఏది మేలు: సెట్టింగ్సా, యాపా, రిపేర్ షాపా?

మూడేళ్లు దాటిన ఫోన్ మధ్యాహ్నానికే చార్జర్ కోసం వెతికిస్తుంటే చాలామంది కొత్త ఫోన్ల ధరలు చూడటం మొదలుపెడతారు. ఇంకొందరు పవర్ బ్యాంక్ మోసుకుంటూ నెట్టుకొస్తారు. ఈ రెండింటికంటే ముందు చేయాల్సిన పని ఒకటుంది: లోపం బ్యాటరీదేనా, అయితే ఎంత అరిగింది అన్నది కొలవడం. స్క్రీను, కెమెరా, ప్రాసెసరు అన్నీ బాగున్న ఫోన్‌ని బ్యాటరీ ఒక్కదాని కోసం మూలన పడేయడానికి నాకు మనసొప్పదు. కొత్త ఫోన్ ధరలో చిన్న భాగం పెడితే బ్యాటరీ మారిపోతుంది.

కొలిచే దారులు చాలానే ఉన్నాయి. సెట్టింగ్స్‌లో కనిపించే శాతం, డయలర్‌లో కొట్టే రహస్య కోడ్, అక్యుబ్యాటరీ లాంటి యాప్, కంప్యూటర్‌కి తగిలించి చదివే లెక్క, సర్వీస్ సెంటర్, వీధి చివర రిపేర్ షాపు. వీటిలో ఏదీ మొత్తం సంగతి చెప్పదు. ఎందుకో అర్థం కావాలంటే ముసలి బ్యాటరీలో ఏం జరుగుతుందో కాస్త తెలియాలి.

లిథియం అయాన్ బ్యాటరీ రెండు విధాలా దెబ్బతింటుంది. మొదటిది సామర్థ్యం తగ్గడం. 5000 ఎంఏహెచ్ (మిల్లీ ఆంపియర్ గంటలు, బ్యాటరీలో పట్టే చార్జ్‌కి కొలమానం) పట్టిన చోట 4000 పడుతుంది. రెండోది లోపలి నిరోధం పెరగడం. ట్యాంకు చిన్నదవడం ఒకటైతే, పైపు పూడుకుపోవడం రెండోది. రాత్రిపూట కెమెరా తెరిచి ఫ్లాష్ కొట్టగానే 25 శాతం చార్జింగ్ ఉన్న ఫోన్ టక్కున ఆగిపోవడం ఈ రెండో జబ్బు లక్షణం. లెక్క సులువే: లోపలి నిరోధం 0.2 ఓంలకు చేరిన బ్యాటరీ నుంచి ఒక్కసారిగా 2 ఆంపియర్లు లాగితే 0.4 వోల్టులు అక్కడే పోతాయి. 3.6 వోల్టుల దగ్గరున్నది 3.2కి పడుతుంది, ఫోన్ ఇక చాలు అనుకుని ఆఫ్ అయిపోతుంది. మనం చూసే హెల్త్ శాతం, అంటే కొత్తప్పటి సామర్థ్యంలో ఇప్పుడు ఎంత మిగిలిందన్న లెక్క, ఎక్కువగా ట్యాంకు గురించే మాట్లాడుతుంది. పైపు సంగతి మనమే కనిపెట్టాలి.

సెట్టింగ్స్‌లోని శాతం

ఐఫోన్ ఉన్నవాళ్లకు ఇది అందరికంటే సులువు. సెట్టింగ్స్‌లో బ్యాటరీ, అందులో బ్యాటరీ హెల్త్ తెరిస్తే మ్యాగ్జిమమ్ కెపాసిటీ కనిపిస్తుంది. ఈ సౌకర్యం అడగకుండా వచ్చింది కాదు. 2017 జనవరిలో వచ్చిన ఐఓఎస్ 10.2.1 నుంచి, బ్యాటరీ నీరసించిన పాత ఐఫోన్లు హఠాత్తుగా ఆగిపోకుండా వాటి వేగాన్ని తగ్గిస్తున్నట్టు ఆ ఏడాది డిసెంబర్‌లో ఆపిల్ ఒప్పుకుంది. ప్రపంచమంతా గగ్గోలు పెట్టాక 2018 మార్చిలో ఐఓఎస్ 11.3తో ఈ బ్యాటరీ హెల్త్ పేజీ ఇచ్చింది.

ఐఫోన్ 14 వరకు వచ్చిన మోడళ్లు 500 పూర్తి సైకిళ్ల తర్వాత 80 శాతం నిలుపుకునేలా, ఐఫోన్ 15 నుంచి 1000 సైకిళ్ల తర్వాత 80 శాతం నిలుపుకునేలా తయారయ్యాయని ఆపిల్ చెబుతుంది. సైకిల్ అంటే ఒకసారి చార్జర్ పెట్టి తీయడం కాదు. ఈరోజు 60 శాతం, రేపు 40 శాతం వాడితే రెండూ కలిసి ఒక సైకిల్. ఐఫోన్ 15 నుంచి ఆ సైకిళ్ల లెక్క కూడా సెట్టింగ్స్‌లోనే కనిపిస్తుంది.

ఈ శాతాన్ని నేను నమ్ముతాను, కానీ తూచి చెప్పినంతగా కాదు. 2021లో ఐఓఎస్ 14.5 వచ్చినప్పుడు ఐఫోన్ 11 వరుస ఫోన్లలో హెల్త్ అంకె కొందరికి తప్పుగా చూపిస్తోందని ఆపిల్ స్వయంగా మళ్లీ లెక్క సరిచేసే ఏర్పాటు పెట్టింది. అంటే ఇది అంచనాయే. 84కీ 86కీ తేడా గురించి బెంగ అక్కర్లేదు. 80 కంటే కిందికి దిగిందా, పక్కన సర్వీస్ అని రాసిందా అన్నవి చూడండి.

ఆండ్రాయిడ్ వైపు ఒక పద్ధతి లేదు. పిక్సెల్ 8ఏ, ఆ తర్వాతి పిక్సెళ్లలో శాతం కనిపిస్తుంది. వన్‌ప్లస్, ఒప్పో, రియల్‌మీ ఫోన్లలో కొత్తవాటికి చాలావరకు బ్యాటరీ సెట్టింగ్స్‌లో హెల్త్ ఉంటుంది. శాంసంగ్ ఫోన్లకు శాంసంగ్ మెంబర్స్ యాప్‌లో ఫోన్ డయాగ్నస్టిక్స్ ఉంది. చాలా మోడళ్లలో అది అంకె ఇవ్వకుండా బాగుంది, బలహీనంగా ఉంది అన్న ఒక్క మాటతో సరిపెడుతుంది. యూరప్‌లో 2025 జూన్ 20 నుంచి అమ్మే కొత్త మోడళ్ల బ్యాటరీ 800 సైకిళ్ల తర్వాత కూడా 80 శాతం నిలుపుకోవాలని నిబంధన వచ్చింది. కానీ ఈ వ్యాసం పాత ఫోన్ గురించి. 2020, 2021లో కొన్న ఆండ్రాయిడ్ ఫోన్‌లో ఈ పేజీ దొరకడం కష్టమే.

రహస్య కోడ్

*#*#4636#*#* కొట్టండి, బ్యాటరీ గుట్టు బయటపడుతుంది అని వాట్సాప్‌లో తిరిగే సలహా ఇది. ఇప్పటి ఫోన్లలో చాలావాటికి ఆ మెనూలో బ్యాటరీ పేజీయే ఉండదు. ఉన్నచోట బ్యాటరీ హెల్త్: గుడ్ అని కనిపిస్తుంది. అది చూసి నిశ్చింతగా ఉండకండి. ఆండ్రాయిడ్ లోపల ఆ మాటకు అర్థం వేరు. బ్యాటరీ మరీ వేడెక్కిందా, మరీ చల్లబడిందా, వోల్టేజీ హద్దు దాటిందా, పూర్తిగా చచ్చిందా అని చూసి, ఇవేవీ లేకపోతే గుడ్ అంటుంది. సగం సామర్థ్యం పోయిన బ్యాటరీ కూడా అక్కడ గుడ్డే. ఉచితంగా దొరికే చాలా బ్యాటరీ యాప్‌లు ఇదే మాటను పచ్చరంగులో పెద్దగా చూపిస్తాయి. ఈ దారిని నేను పూర్తిగా పక్కన పెడతాను.

అక్యుబ్యాటరీ లాంటి యాప్

సెట్టింగ్స్‌లో శాతం కనిపించని ఆండ్రాయిడ్ ఫోన్‌కి ఇంట్లో కూర్చుని చేయగలిగే పరీక్షల్లో నా ఓటు దీనికే. ఇది చేసేది నిజమైన కొలత. చార్జింగ్ జరుగుతున్నంతసేపూ ఎంత కరెంటు లోపలికి వెళ్లిందో కూడుతుంది. ఉదాహరణకు 20 నుంచి 80 శాతానికి రావడానికి 2400 ఎంఏహెచ్ పట్టిందనుకోండి. 60 శాతానికి 2400 అయితే నూటికి 4000. కంపెనీ చెప్పింది 5000 కాబట్టి హెల్త్ 80 శాతం.

ఓపిక కావాలి. ఒక్క చార్జింగ్‌తో వచ్చిన అంకెను పట్టుకోవద్దు. ఒకటి రెండు వారాలు యాప్‌ని ఉంచి, ప్రతిసారీ కనీసం సగం బ్యాటరీ నిండేలా చార్జ్ చేసి, సగటు చూడాలి. చార్జింగ్‌లో ఉండగా వీడియోలు, ఆటలు ఆపితే లెక్క ఇంకా నిఖార్సుగా వస్తుంది.

రెండు చోట్ల ఇది తప్పుదోవ పట్టిస్తుంది. పెట్టె మీద రాసిన 5000 సాధారణ సామర్థ్యం. కంపెనీ హామీ ఇచ్చే కనీస సామర్థ్యం దానికంటే కొంచెం తక్కువ ఉంటుంది. అందుకే కొత్త ఫోన్ కూడా నూరు చూపించకపోవచ్చు. రెండోది, చాలా వేగంగా చార్జ్ అయ్యే కొన్ని ఫోన్లలో ఒక బ్యాటరీ స్థానంలో రెండు సెల్స్ ఉంటాయి. అలాంటి ఫోన్ ఒక సెల్ కరెంటు మాత్రమే చెబితే యాప్ సగం సామర్థ్యమే చూపిస్తుంది. కొన్న ఏడాదికే 50 శాతం కనబడితే బ్యాటరీ పోయిందని కంగారు పడేముందు, మీ ఫోన్‌లో రెండు సెల్స్ ఉన్నాయేమో చూసుకోండి.

కంప్యూటర్ మీద చేయి తిరిగినవాళ్లకు ఏడీబీ (కంప్యూటర్ నుంచి ఆండ్రాయిడ్ ఫోన్‌కి ఆదేశాలు పంపే సాధనం) ద్వారా డంప్‌సిస్ బ్యాటరీ అన్న ఆదేశం ఉంది. అందులో చార్జ్ కౌంటర్ పక్కన మైక్రో ఆంపియర్ గంటల్లో అంకె వస్తుంది. ఫోన్ నూరు శాతం ఉన్నప్పుడు అది 38,50,000 అంటే ఇప్పటి సామర్థ్యం 3850 ఎంఏహెచ్. రెండు నిమిషాల పని. అయితే కొన్ని ఫోన్లు ఆ అంకెను కొలవకుండా, కంపెనీ సామర్థ్యాన్ని శాతంతో గుణించి చూపిస్తాయి. ఎప్పుడు చూసినా పెట్టె మీద ఉన్నదే వస్తుంటే ఆ లెక్కను పక్కన పెట్టేయండి.

సర్వీస్ సెంటరా, రిపేర్ షాపా?

వారంటీలో ఉన్న ఫోన్ అయితే ఆలోచించాల్సిన పనే లేదు, కంపెనీ సర్వీస్ సెంటర్‌కే. వాళ్ల డయాగ్నస్టిక్స్‌లో వచ్చిన ఫలితం మీదే ఉచితంగా మారుస్తారా లేదా అన్నది తేలుతుంది. మీ యాప్ స్క్రీన్‌షాట్‌కి అక్కడ విలువ లేదు. పరీక్షకు డబ్బు తీసుకుంటారేమో ముందే అడగండి, ఫోటోలు బ్యాకప్ చేసుకుని వెళ్లండి.

వారంటీ దాటిన ఫోన్ విషయంలో మాత్రం నేను మంచి రిపేర్ షాపును తక్కువ చేయను. హైదరాబాద్ జగదీష్ మార్కెట్‌లో గానీ మీ ఊరి బస్టాండ్ దగ్గర గానీ పనితెలిసిన మెకానిక్ బల్ల మీద డీసీ పవర్ సప్లై ఉంటుంది. బ్యాటరీ విప్పేసి, ఫోన్ బోర్డుకి నేరుగా దాన్నుంచి కరెంటు ఇస్తాడు. పవర్ బటన్ నొక్కకముందు మీటర్ సున్నా దగ్గర ఉండాలి. అప్పుడే కరెంటు లాగుతోందంటే లీకేజీ బోర్డులో ఉందన్నమాట. అలాంటి ఫోన్‌కి ఎంత మంచి కొత్త బ్యాటరీ వేసినా రాత్రి నిండుగా పెట్టింది తెల్లారేసరికి దిగిపోతుంది. ఈ సంగతి ఏ యాపూ చెప్పలేదు. బ్యాటరీ మార్చినా బాగుపడలేదని బాధపడేవాళ్లలో కొందరి కథ ఇదే.

షాపుతో ఇబ్బంది ఏమిటంటే ఒకసారి వెనక ప్యానెల్ విప్పాక నీళ్లు దూరకుండా ఆపే జిగురు మునుపటిలా ఉండదు. నకిలీ బ్యాటరీల భయం సరేసరి. సెకండ్ హ్యాండ్ ఐఫోన్ కొనేవాళ్లు మరీ జాగ్రత్తగా ఉండాలి. కొత్త సెల్‌కి పాత ఒరిజినల్ సర్క్యూట్ అతికించి, ప్రోగ్రామర్ పరికరంతో హెల్త్‌ని 100 చేసి అమ్మే పద్ధతి ఉంది. నాలుగేళ్ల ఫోన్ 100 చూపిస్తే సంతోషపడకుండా, బ్యాటరీ ఎప్పుడు, ఎక్కడ మార్చారో, బిల్లు ఉందేమో అడగండి. సెట్టింగ్స్‌లోని పార్ట్స్ అండ్ సర్వీస్ హిస్టరీలో అన్‌నోన్ పార్ట్ అని ఉందేమో చూడండి.

యాప్ లేకుండా, ఖర్చు లేకుండా

అంకెలన్నిటికంటే నేను ఎక్కువ నమ్మేది ఒక చిన్న పరీక్షని. ముందే డౌన్‌లోడ్ చేసిన ఏదైనా వీడియో తీసుకోండి. ఫోన్ నిండా చార్జ్ చేసి, ఫ్లైట్ మోడ్ పెట్టి, వెలుతురు సగానికి ఉంచి, గంటసేపు ఆడించి ఎంత దిగిందో రాసుకోండి. ఫ్లైట్ మోడ్ ఎందుకంటే సిగ్నల్ సరిగ్గా లేని ఊళ్లో ఫోన్ టవర్ కోసం వెతికి వెతికి బ్యాటరీని తాగేస్తుంది, ఆ తప్పు బ్యాటరీ మీద పడకూడదు. ఇక్కడ మెల్లగా దిగి మామూలు వాడకంలో గబగబా దిగుతుంటే దోషం సిగ్నల్‌లోనో, వెనకాల నడిచే యాప్‌లోనో ఉంటుంది.

అదే ఫోన్‌ని 30 శాతానికి తెచ్చి, కెమెరాలో వీడియో రికార్డింగ్, ఫ్లాష్ లైటు ఒకేసారి వేయండి. శాతం ఉన్నట్టుండి 30 నుంచి 18కి దూకినా, ఫోన్ ఆగిపోయి చార్జర్ పెట్టగానే మళ్లీ 20 చూపించినా పైపు పూడుకుపోయినట్టే. సెట్టింగ్స్ 83 చూపిస్తున్నా సరే, ఇలా జరిగితే బ్యాటరీ మార్చేయమనే చెబుతాను. అదే 78 చూపిస్తూ రోజంతా సాఫీగా నడుస్తుంటే ఇంకో ఆరు నెలలు వాడుకోండి.

ఒక్క లక్షణానికి మాత్రం కొలతలేవీ వద్దు. వెనక ప్యానెల్ ఉబ్బినా, స్క్రీను అంచు లేచినా, బల్ల మీద పెడితే ఫోన్ గిరగిరా తిరిగినా ఆ క్షణం నుంచి చార్జింగ్ పెట్టకండి, నొక్కి సర్దకండి, సూటిగా షాపుకి తీసుకెళ్లండి. మన ఎండలకు ఇది అరుదేం కాదు. 35 డిగ్రీలు దాటిన చోట బ్యాటరీ సామర్థ్యం శాశ్వతంగా దెబ్బతినొచ్చని ఆపిల్ హెచ్చరిస్తుంది. మేలో రెంటచింతల, రామగుండం ఎంత మండుతాయో తెలిసిందే. అక్కడ కారు డ్యాష్‌బోర్డు మీద మ్యాప్ పెట్టి చార్జింగ్‌లో నడిపిన ఫోన్ ఎంత వేడిని భరిస్తుందో ఊహించండి.

అమ్మానాన్నల ఫోన్ సంగతి

పిల్లలు అమెరికాలోనో బెంగళూరులోనో, పెద్దవాళ్లు ఊళ్లో. ఇలాంటి ఇళ్లలో మనం వాడి ఇచ్చిన పాత ఫోనే వాళ్ల చేతిలో ఉంటుంది. ఓటీపీకీ, డాక్టర్‌కీ, అర్ధరాత్రి అవసరానికీ అదే దిక్కు. వాళ్లతో యాప్ పెట్టించి రెండు వారాల సగటు చదివించడం జరిగే పని కాదు. ఇక్కడ శాతం కంటే 30 దగ్గర ఆగిపోతోందా లేదా అన్నదే ముఖ్యం. వీడియో కాల్‌లో "నాన్నా, ఫోన్ దానంతటదే ఎప్పుడైనా ఆగిపోతోందా? వెనకాల ఏమైనా ఉబ్బినట్టు తగులుతోందా?" అని ఈ రెండు ప్రశ్నలే అడగండి. ఒక్కదానికి అవునన్నా హెల్త్ అంకె కోసం చూడకుండా బ్యాటరీ మార్పించండి. విప్పిన పాతదాన్ని చెత్తబుట్టలో వేయకుండా షాపులోనే వదిలేసి రమ్మనండి.