నియోడైమియమా, సమేరియం కోబాల్టా: వేడికి ఏది ఆగుతుంది?

చిన్న నియోడైమియం అయస్కాంతపు బిళ్ల ఒకటి వేడి ఇస్త్రీపెట్టె మీద పది నిమిషాలు పెట్టి చూశాను. అంతకుముందు గుండుసూదులు గుత్తిలా వేలాడేవి. చల్లారాక నాలుగైదు పట్టుకుంది, అంతే. పైన పూత మాత్రం మెరుస్తూనే ఉంది. పాడైనట్టు చూస్తే తెలియదు, అదే చిక్కు.

గది వేడిలో అయితే పోటీయే లేదు. 1980లలో జపాన్‌లో మసాతో సగావా, అమెరికాలో జనరల్ మోటార్స్ వాళ్లు విడివిడిగా తయారుచేసిన నియోడైమియం-ఇనుము-బోరాన్, అదే సైజు సమేరియం కోబాల్ట్ అయస్కాంతం కంటే బలమైనది, చవక కూడా.

వేడెక్కితే కథ మారుతుంది. అయస్కాంతత్వం పూర్తిగా పోయే క్యూరీ ఉష్ణోగ్రత నియోడైమియానికి సుమారు 310 డిగ్రీలు, సమేరియం కోబాల్ట్‌కు 700 పైనే. కానీ చాలామంది ఈ అంకె చూసి మోసపోతారు. మామూలు గ్రేడు నియోడైమియాన్ని 80 డిగ్రీలు దాటనివ్వకూడదు, బిళ్ల పల్చనైతే అంతకన్నా ముందే దెబ్బతింటుంది. డిగ్రీకి 0.12 శాతం చొప్పున తగ్గే బలం చల్లారితే తిరిగొస్తుంది. అయితే ఎదురు క్షేత్రాన్ని తట్టుకునే మొండితనం డిగ్రీకి 0.6 శాతం దాకా పడిపోతుంది. ఆ సమయంలో మోటారు కాయిల్ ఎదురు తోసిందా, పోయిన బలం మళ్లీ రాదు. సమేరియం కోబాల్ట్ బలం డిగ్రీకి 0.04 శాతమే తగ్గుతుంది, 250 డిగ్రీల్లోనూ పనిచేస్తుంది. కాకపోతే పెళుసు, కింద పడితే పెచ్చులూడుతుంది. ధర సంగతి సరేసరి.

మధ్యేమార్గం డిస్ప్రోసియం అనే లోహం. నియోడైమియంలో కొంచెం కలిపితే మొండితనం పెరుగుతుంది. కానీ దాని అయస్కాంతత్వం ఇనుముకు ఎదురు తిరిగి ఉంటుంది కాబట్టి మొత్తం బలం కొంత తగ్గుతుంది. 2025 ఏప్రిల్‌లో చైనా ఎగుమతులపై ఆంక్షలు పెట్టిన ఏడు అరుదైన లోహాల్లో డిస్ప్రోసియం, సమేరియం రెండూ ఉన్నాయి. విశాఖలో ప్రభుత్వ సంస్థ ఐఆర్‌ఈఎల్ ప్లాంటు తయారుచేసేది సమేరియం కోబాల్టే, సామర్థ్యం ఏడాదికి 3,000 కిలోలు.

గాడోలినియం అనే ఇంకో లోహం మరీ సుకుమారం, 20 డిగ్రీలకే చేతులెత్తేస్తుంది. ఐసులో ముంచితే అయస్కాంతానికి అంటుకుంటుంది, అరచేతి వేడి తగిలితే జారిపోతుంది. మన ఎండాకాలంలో దానికి సెలవే.

స్కూటర్ మోటారుకైతే నియోడైమియంలో బాగా బలమైన ఎన్52 గ్రేడు నేను అడగను, వేడికి ఆగే ఎన్42ఎస్‌హెచ్ గ్రేడు అడుగుతాను. బలం కాస్త తక్కువే కానీ 150 డిగ్రీల దాకా తట్టుకుంటుంది. 200 దాటే చోట బేరం లేకుండా సమేరియం కోబాల్టే.