లేక్ ఫోర్క్‌లో గది, పర్టిస్ క్రీక్‌లో చేపలు

చేపలు పట్టుకునేవాళ్ళ కోసమే అని అద్దెకిచ్చే ఇంట్లో చేప వండకూడదట. ఈ రూలు బుకింగ్ పేజీలో ఎక్కడా లేదు. వంటింటి అల్మరా తలుపు లోపలివైపు, ప్లాస్టిక్ తొడిగిన కాగితం మీద పదకొండో పాయింటుగా ఉంది. ఉప్పు డబ్బా కోసం మా ఆవిడ తలుపు తీస్తే కనబడింది.

డల్లాస్ చుట్టుపక్కల ఉండే మనవాళ్ళు చేపల కోసం లేక్ ఫోర్క్ చెరువుకి వెళ్ళాలనుకుంటే ఇది చదివి వెళ్ళండి. మా మామగారు ఆకివీడు నుంచి వచ్చి నెలైంది. ఫ్రిస్కోలో ఇంట్లో కూర్చుని విసిగిపోయారు. చిన్నప్పటి నుంచీ కాలవ గట్టు మీద గాలం వేసిన మనిషి. మా బావమరిదికి బాస్ అనే చేపల పిచ్చి. ఇద్దరికీ సరిపోతుందని మే నెలలో బయల్దేరాం. గ్రీన్‌విల్ మీదుగా 69 రోడ్డు పట్టుకుంటే ఎమరీ, ఆల్బా దాటి రెండు గంటల్లోపే. దారి గురించి చెప్పడానికేం లేదు.

కేబిన్ రాత్రికి 189 డాలర్లు, రెండు రాత్రులు. క్లీనింగ్ 95, సర్వీస్ ఫీజు 41, పన్నులు కలిపి 561 అయింది. 'లేక్ ఫ్రంట్' అన్నారు. నీళ్ళు కనబడతాయి, అబద్ధం కాదు. కానీ ఓనరు డాక్ (పడవ కట్టే చెక్క వంతెన) కింద ఉన్నది మోకాలి లోతు బురద, అందులో ఒక పాత టైరు. ఏసీ హాల్లో మాత్రమే ఉంది. బెడ్‌రూమ్ ఫ్యాన్ తిరిగినంతసేపూ టకటకమంటుంది. చేపలు కోసుకునే బల్ల బయట ఉందన్నారు, ఉంది. దాని కింద కందిరీగల పట్టు కూడా ఉంది. దీపం వెలగదు. ఫోన్ చేస్తే "రేపు చూస్తా" అన్నాడు ఓనరు. ఆ రేపు రాలేదు.

మేం రూలు చూశాక ఇంట్లో వండలేదు. వాల్‌మార్ట్‌లో 34 డాలర్లు పెట్టి చిన్న గ్యాస్ స్టవ్ కొని, ఆరుబయట చెట్టు కింద వేయించుకున్నాం. అయినా మేం వెళ్ళిపోయాక ఓనరు కార్డు మీద ఇంకో 150 లాగాడు. కర్టెన్లకి వాసన పట్టిందట! క్రెడిట్ కార్డు వాళ్ళకి ఫిర్యాదు పెడితే సాక్ష్యంగా కర్టెన్ ఫోటో పంపాడు. ఫోటోలో వాసన ఎలా కనబడిందో వాళ్ళకే తెలియాలి, తీర్పు మాత్రం ఆయన వైపే వచ్చింది.

ఇక చెరువు. 1980లో సబీన్ రివర్ అథారిటీ కట్టిన రిజర్వాయరు, 27 వేల ఎకరాల పైచిలుకు. నీళ్ళు నింపేటప్పుడు చాలాచోట్ల చెట్లు కొట్టకుండా వదిలేశారు. ఆ మోడులు ఇప్పటికీ నీళ్ళలోంచి లేచి ఉంటాయి, పెద్ద చేపలకి అవే నీడ. టెక్సస్ రాష్ట్ర రికార్డు లార్జ్‌మౌత్ బాస్, 18.18 పౌండ్లది, 1992 జనవరిలో పడింది ఇక్కడే. ఈ లెక్కలన్నీ మా బావమరిది కారులో అప్పజెప్పాడు, ఎవరూ అడక్కపోయినా.

గట్టంతా దాదాపు ప్రైవేటు స్థలాలే కాబట్టి పడవ లేకపోతే ఇక్కడ పెద్దగా పనవ్వదు. పడవతో వచ్చే గైడ్‌కి సగం రోజుకి 400, మూడో మనిషికి 75, టిప్ 60. చేపలు పట్టే లైసెన్సులు విడిగా. టెక్సస్‌లో ఉండేవాళ్ళకి ఫ్రెష్‌వాటర్ ప్యాకేజీ 30 డాలర్లు, మామగారికి బయటివాళ్ళ ఒకరోజు లైసెన్సు 16. వయసు 65 దాటితే ఇచ్చే తగ్గింపు ఇక్కడ నివాసం ఉన్నవాళ్ళకే, అమ్మానాన్నల్ని తీసుకెళ్ళేవాళ్ళు అది గుర్తుంచుకోండి.

గైడ్ మంచివాడు, వంక పెట్టను. ప్లాస్టిక్ పురుగుని టెక్సస్ రిగ్‌లో (గాలం మొన పురుగులోనే దాచే పద్ధతి) ఎలా గుచ్చాలో, మోడు పక్కన ఎలా ఆడించాలో ఓపిగ్గా చూపించాడు. బావమరిదికి 19 అంగుళాల బాస్ పడింది. వాడు కేకలు, మేం ఫోటోలు. ఆ తర్వాత తెలిసింది అసలు సంగతి: లేక్ ఫోర్క్‌లో 16 అంగుళాల నుంచి 24 అంగుళాల మధ్య బాస్ ఏదైనా తిరిగి వదిలేయాల్సిందే. నాకు పడిన 14 అంగుళాలది ఉంచుకోవచ్చు గానీ, ఉంచుతానంటే గైడ్ మొహం మాడిపోయింది. అక్కడ బాస్ తినడం అంటే అదో తప్పుపని. మామగారు ఇదంతా చూసి, "అల్లుడుగారూ, ఐదొందల డాలర్లు పెట్టి పట్టి, ముద్దుపెట్టి వదలడానికా మనం వచ్చింది?" అన్నారు. ఆయన ఏమన్నారని గైడ్ అడిగితే నేను అనువదించలేదు.

దానికంటే పర్టిస్ క్రీక్ స్టేట్ పార్క్ వందరెట్లు నయం. తిరుగుదారిలో క్యాంటన్ మీదుగా యూస్టేస్ దగ్గరికి దిగాం, చుట్టే అయినా. 355 ఎకరాల చిన్న చెరువు, ఒకసారికి 50 పడవలు మించి వదలరు. మనిషికి 5 డాలర్లు, పన్నెండేళ్ళ వరకు పిల్లలకి ఉచితం. స్టేట్ పార్కులో గట్టు మీద నుంచో, పియర్ (నీళ్ళలోకి కట్టిన వంతెన) మీద నుంచో పడితే లైసెన్సే అక్కర్లేదు. పెట్రోల్ బంకులో వానపాముల డబ్బా 4.99.

మే నెల కాబట్టి బ్లూగిల్ అనే చిన్న చేప గుడ్లు పెట్టే కాలం. పియర్ పక్కన రెండడుగుల నీళ్ళలో, అడుగున ఇసుక మీద, అప్పడాలు ఆరబెట్టినట్టు గుండ్రటి గూళ్ళు వరసగా కనబడ్డాయి. మామగారు ఎనిమిదో నంబరు గాలం, చిన్న బెండు, గోరంత ఎర్ర (వానపాము) ముక్క పెట్టారు. మొత్తం ఎర్ర గుచ్చితే చేప కొస కొరుక్కుపోతుందట. బెండు వణికి పక్కకి జరగగానే మణికట్టు మాత్రం కదిపారు, అరచేతి వెడల్పు చేప, చెవి దగ్గర నల్లమచ్చ, పొట్ట నారింజ. తలవైపు నుంచి తోకవైపుకి అరచేత్తో నిమిరి వీపు ముళ్ళు అణచి పట్టుకున్నారు. బావమరిది 240 డాలర్ల రాడ్ పక్కన పడేసి, "నాన్నా, నాక్కూడా ఒక ఎర్ర ఇవ్వు" అన్నాడు. బ్లూగిల్‌కి టెక్సస్‌లో సైజు, సంఖ్య పరిమితులు లేవు. బకెట్ సగం నిండేదాకా ఎవరూ భోజనం మాటెత్తలేదు, మా ఆవిడ తప్ప.

పొలుసు చెంచాతో గీకి, తల, పేగులు తీసి, రెండు వైపులా గాట్లు పెట్టి, ఉప్పు, కారం, పసుపు, అల్లంవెల్లుల్లి, నిమ్మకాయ. అక్కడి వాళ్ళు మొక్కజొన్న పిండి అద్దుతారు, మేం బియ్యప్పిండి అద్దాం. కేబిన్ పుణ్యమా అని కొన్న గ్యాస్ స్టవ్ ఇక్కడా పనికొచ్చింది. తోక కరకరలాడింది. సన్నముళ్ళు ఉంటాయి, పిల్లలకి వలిచి పెట్టాలి. పులుసుకి మాత్రం ఈ చేప చాలదు, దానికి క్యాట్‌ఫిషే.

ఎండాకాలం వారాంతాల్లో పార్కు నిండిపోతుంది, ముందే ఆన్‌లైన్‌లో పాస్ తీసుకోండి. తెల్లవారగానే వెళ్తే మంచిది, పదకొండు దాటాక పియర్ మీద నిలబడలేరు. గాలం ఊడదీయడానికి పొడుగు ముక్కు పట్టకారు తప్పనిసరి, బ్లూగిల్ నోరు చాలా చిన్నది. పిల్లలుంటే దగ్గర్లోనే ఏథెన్స్‌లో టెక్సస్ ఫ్రెష్‌వాటర్ ఫిషరీస్ సెంటర్ కూడా కలుపుకోండి. గాజు తొట్లలో పెద్ద బాస్‌లు తిరుగుతుంటాయి, అక్కడి కుంటలో పిల్లలకి రాడ్ వాళ్ళే ఇస్తారు. మామగారు మళ్ళీ వచ్చే శనివారానికే బయల్దేరదామంటున్నారు. బావమరిది ఆ రాడ్ అమ్మేస్తానంటున్నాడు, 180కి ఇస్తాడట.