ఎంపీఐ బెంచ్‌లో నీళ్ళా, ఆయిలా? నా ఓటు మాత్రం ఆయిల్‌కే

గాజులమండ్యంలో షాఫ్టులు, గేర్లు చేసే షెడ్డు మాది. ఎంపీఐ (మాగ్నెటిక్ పార్టికల్ ఇన్‌స్పెక్షన్) బెంచ్ చాలా ఏళ్ళుగా నేనే చూసుకుంటున్నాను. జాబుని, అంటే తయారైన ముక్కని, కరెంటుతో అయస్కాంతంగా మార్చి, మెరిసే ఇనుప పౌడర్ కలిపిన ద్రవం పోస్తాం; పగులు ఉన్నచోట పౌడర్ చేరి గీతలా మెరుస్తుంది. ఆ ద్రవంగా కిరోసిన్ వాడాం, నీళ్ళు వాడాం, ఇప్పుడు వాసన లేని క్యారియర్ ఆయిల్. దీన్ని ఇక వదలబుద్ధి కావడం లేదు.

కిరోసిన్ గురించి చెప్పేదేముంది, మే నెలలో నల్ల కర్టెన్ లోపల ఆ వాసనకి తల పగిలిపోయేది, పైగా ఎక్కడ అంటుకుంటుందోనని టెన్షన్. ఈ ఆయిల్ ఫ్లాష్ పాయింట్ (ఆవిరి అంటుకునే వేడి) 93 డిగ్రీల పైనే.

నీళ్ళు చౌక, మంట భయం అసలే లేదు, అందుకే మధ్యలో కండిషనర్ (నీళ్ళు లోహం మీద పరుచుకునేలా చేసే మందు) కలిపి వాటికి మారాం. బాగానే నడిచింది కూడా. అయితే ఒకరోజు ఓ షాఫ్టు మీద పోస్తుంటే కీవే (కీ కూర్చునే గాడి) దగ్గర పొర నిలవదే, చేమాకు మీద నీళ్ళలా బొట్లు కట్టి జారిపోతోంది. కడిగి పంపిన జాబే, కానీ మూలలో కటింగ్ ఆయిల్ జిడ్డు ఉండిపోయింది. బ్లాక్ లైట్ (అల్ట్రావయొలెట్ దీపం) కింద చూస్తే ఏమీ లేదు. మనసొప్పక, శాంపిల్‌గా వచ్చిన ఆయిల్‌లో పౌడర్ కలిపి, కరెంటు ఇస్తూ అక్కడే పోశాను. కీవే మూల నుంచి సన్నటి ఆకుపచ్చ గీత! జిడ్డున్నా ఆయిల్ పాకిపోయి పగులు దాకా పౌడర్‌ని చేర్చింది. ఆ షాఫ్టు అలాగే వెళ్ళిపోయి ఉంటే అన్న ఆలోచనకే ఒళ్ళు జలదరించింది.

నిజానికి జిడ్డు పూర్తిగా వదిలించి, కండిషనర్ చాలినంత వేస్తే నీళ్ళలోనూ ఆ గీత కనబడేదేమో. ఆయిల్‌కీ ఓ తలనొప్పి ఉంది: జాబుల మీది కటింగ్ ఆయిల్ ఇందులో కలిసిపోయి కొన్నాళ్ళకి బాత్ (ట్యాంకులోని ద్రవం) మొత్తం నీలంగా మెరుస్తుంది, గీత మసకబారుతుంది. 100 మి.లీ. సెట్లింగ్ ట్యూబులో గంట నిలబెట్టి, అడుగున చేరిన ఫ్లోరెసెంట్ (మెరిసే) పౌడర్ 0.1 నుంచి 0.4 మి.లీ. మధ్య ఉందో లేదో చూస్తాం కదా, పైన తేరిన ఆయిల్‌ని కూడా బ్లాక్ లైట్ కింద పెట్టి చూడండి. కొత్త ఆయిల్ కన్నా బాగా మెరుస్తుంటే పారబోయక తప్పదు, అప్పుడు ఖర్చు తెలుస్తుంది.

మాది చిన్న ట్యాంకు, జిడ్డు జాబులు, అందుకే మాకు కుదిరింది. పెద్ద ట్యాంకు ఉండి, తనిఖీ అవగానే పెయింట్‌కి పంపేవాళ్ళకి నీళ్ళే మేలు. కాకపోతే మన ఎండలకి నీళ్ళు ఆవిరై బాత్ చిక్కబడుతుంది, రోజూ ఉదయం ట్యూబు చూసి, శుభ్రమైన ముక్క మీద పోసి పొర తెగడం లేదని తేల్చుకున్నాకే పని మొదలుపెట్టండి.