బాలింతకు తోడొచ్చిన మనిషి: నెదర్లాండ్స్ క్రామ్‌జోర్గ్ సేవతో మా ఎనిమిది రోజులు

నెదర్లాండ్స్‌లో పురుడు పోసుకోబోతున్న తెలుగమ్మాయిలు తరచూ ఫోన్ చేసి అడుగుతుంటారు: "అక్కా, మా అమ్మ వస్తోంది కదా, ఇంక క్రామ్‌జోర్గ్ ఎందుకు? వద్దని చెప్పేయమంటారా?" ఫోన్లో చెబితే ఎప్పుడూ సగంలోనే ఆగిపోతోంది, పిల్లలెవరో ఏడుస్తారు, పొయ్యి మీద ఏదో పొంగుతుంది. అందుకని మొత్తం ఇక్కడ రాస్తున్నాను. వద్దనకండి. అమ్మ వచ్చినా సరే, తీసుకోండి.

క్రామ్‌జోర్గ్ అంటే ఏమిటో తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. కాన్పయ్యాక ఎనిమిది రోజుల పాటు, శిక్షణ పొందిన ఒకావిడ రోజుకు కొన్ని గంటలు మన ఇంటికే వచ్చి తల్లినీ బిడ్డనూ చూసుకుంటుంది. మామూలుగా 49 గంటలు ఇస్తారు. తక్కువలో తక్కువ 24, అవసరాన్ని బట్టి 80 దాకా వెళ్తుంది. ఇక్కడ అందరూ తప్పనిసరిగా తీసుకునే బేసిక్ ఇన్సూరెన్స్‌లోనే ఇది వస్తుంది. ఏటా ముందు మన జేబులోంచి పెట్టుకోవలసిన 385 యూరోల కోత దీనికి పడదు. గంటకు కొంత సొమ్ము మాత్రం మనం కట్టాలి. 2022లో మాకు పాప పుట్టినప్పుడు అది ఐదు యూరోల లోపే ఉండేది. మొత్తం 49 గంటలకు 230 యూరోల దరిదాపు. ఏటేటా కాస్త పెరుగుతుంటుంది కాబట్టి మీ ఏడాది ధర చూసుకోండి. అదనపు ఇన్సూరెన్స్ ఉంటే కొన్ని పాలసీల్లో ఆ డబ్బూ తిరిగొస్తుంది.

మేము ఆ ఏడాది జూన్‌లో ఐండ్‌హోవెన్ వచ్చాం. మా వారికి వెల్డ్‌హోవెన్‌లో ఉద్యోగం. నాకు నాలుగో నెల, బాబుకు నాలుగేళ్లు నిండడానికి ఇంకా నాలుగు నెలలు. ఇల్లు వెతుక్కోవడం, టౌన్ హాల్లో పేర్లు రాయించుకోవడం, బాబుకు బడి చూడటం, వీటితోనే రోజులు అయిపోయాయి. మొదటిసారి మంత్రసాని క్లినిక్‌కు వెళ్తే (ఇక్కడ అంతా సవ్యంగా ఉంటే డాక్టర్ దాకా వెళ్లరు, వెర్లోస్‌కుండిఖే అనే మంత్రసానే చూస్తుంది) ఆవిడ అడిగిన మొదటి ప్రశ్న "క్రామ్‌జోర్గ్ బుక్ చేశారా?" అని. ఆ మాట వినడం అదే మొదలు. మూడో నెలలోనే బుక్ చేసుకోవాలట. మూడు ఏజెన్సీలకు ఫోన్ చేశాం, మూడూ నవంబరుకు ఖాళీ లేదన్నాయి. చివరికి ఇన్సూరెన్స్ వాళ్లకే చెబితే వాళ్లే వెతికి ఒకటి కుదిర్చిపెట్టారు. మీకూ ఎక్కడా దొరక్కపోతే కంగారు పడకుండా ముందు ఇన్సూరెన్స్ వాళ్లను అడగండి.

ఏడో నెలలో ఏజెన్సీ నుంచి ఒకావిడ ఫోన్ చేసి గంటసేపు మాట్లాడింది. ఇంట్లో ఏమేం ఉండాలో జాబితా పంపింది. థర్మామీటరు, ఇనుప వేడినీళ్ల సీసాలు రెండు, కాటన్ దుప్పట్లు, ఇలాంటివి. అన్నిటికంటే నాకు వింతగా తోచింది మంచం ఎత్తు. వచ్చే ఆవిడ నడుం వంచి పనిచేయకూడదు కాబట్టి బాలింత మంచం కింద దిమ్మలు పెట్టి నడుం ఎత్తుకు లేపాలి. ఆ దిమ్మల్ని క్లోసెన్ అంటారు. వైద్య సామాను అరువిచ్చే దుకాణంలో దొరుకుతాయి. మా ఇంటి మెట్లు నిచ్చెనలా నిటారుగా ఉంటాయి. వాటి మీదుగా మా వారు ఒక్కో దిమ్మా మోసుకెళ్లారు. అప్పుడు విసుక్కున్నాను గానీ, కాన్పయ్యాక ఆ ఎత్తు మంచం మీంచి కాళ్లు జార్చి దిగడం ఎంత తేలికో తెలిసింది.

బాబు తణుకులో పుట్టాడు. ఆసుపత్రిలో మూడు రోజులు, ఆ తర్వాత అమ్మ దగ్గర మూడు నెలలు. నీళ్లు కాచి పోయడానికి ఒకరు, పథ్యం వండడానికి ఒకరు, పిల్లాణ్ణి ఎత్తుకోవడానికి వీధిలో సగంమంది. ఇక్కడ రాత్రి పదకొండున్నరకు పాప పుట్టింది. తెల్లవారకముందే, అంతా బాగుంది ఇంటికి వెళ్లొచ్చన్నారు. అమ్మ వీసా ఆలస్యమై ఇంకా బయల్దేరనేలేదు. కారులో వెనక సీట్లో పాప పక్కన కూర్చుని, ఇంటికెళ్లి ఏం చేయాలో తెలియక భయపడిపోయాను.

పొద్దున్న ఎనిమిదిన్నరకు గంట మోగింది. యాభై దాటిన మనిషి. సైకిల్ మీద వానలో వచ్చింది. చెప్పులు విప్పి, చేతులు కడుక్కుని పైకొచ్చి, పాపను చూడకముందే నన్ను చూసి "నువ్వేమన్నా తిన్నావా?" అని అడిగింది. ఆ ఒక్క మాటకే నా గుండె దిటవుపడింది.

ఆవిడ పనితీరు చెబుతాను. పాప ఒంటి వేడి చూడటం, 36.5కూ 37.5కూ మధ్య ఉండాలి. ఎన్ని తడి డైపర్లు, ఎన్నిసార్లు పాలు తాగింది, కళ్లు పచ్చబడ్డాయా, అన్నీ ఒక పుస్తకంలో రాయడం. నా పొట్ట నొక్కి గర్భసంచి ఎంత దిగిందో చూడటం, కుట్లు చూడటం. రోజు మార్చి రోజు మంత్రసాని వచ్చి ఆ పుస్తకం చదివి వెళ్లేది. పాపను గుడ్డలో మూటగట్టి, సంతలో కూరగాయలు తూచినట్టు కొక్కెం తక్కెడకు తగిలించి తూచేవాళ్లు. ఒకరోజు బరువు తగ్గిందని నేను బెంబేలెత్తితే, పుట్టినప్పటి బరువులో కొంత తగ్గడం మామూలేననీ, పదో వంతు దాటితేనే ఆలోచించాలనీ లెక్క వేసి చూపించింది.

పాప పడక వెచ్చగా ఉండటానికి వేడినీళ్ల సీసా పెట్టడం మాత్రం మా వారి చేత చేయించింది. తను చేయలేదు. మరిగిన నీళ్లు అంచుదాకా పోయించి, మూత బిగించి, తలకిందులు చేసి టేబుల్ మీద కాసేపు ఉంచమంది. ఒక్క చుక్క కారినా వాడకూడదు. ఉన్ని తొడుగు వేసి, పాపకు బెత్తెడు దూరంలో, మూత కాళ్లవైపు ఉండేలా పెట్టించింది. మూడుసార్లు చేయించి, నాలుగోసారి చూడకుండా కిందికి వెళ్లిపోయింది. రాత్రి తను ఉండదు కదా, అందుకు. పాపను వెల్లకిలా, తలగడ లేకుండా, పాదాలు మంచం చివరికి ఆనేలా పడుకోబెట్టడం కూడా అలాగే నేర్పింది. ఈ సేవలో నాకు అన్నిటికంటే నచ్చింది ఇదే. మన పని తను లాక్కోదు, మన చేతికి అలవాటు చేసి వెళ్తుంది.

లోపం కూడా చెప్పాలి. మూడో రోజు ఆవిడకు సెలవు, వేరే ఆవిడ రావాలి. రెండు గంటలు ఆలస్యంగా వచ్చింది, ముందుగా ఫోన్ లేదు. వచ్చాక కూడా నేను అడిగితే తప్ప పాపను ఎత్తుకోలేదు. ఆ రోజు పోయిన గంటలు తర్వాత కలుపుతామన్నారు, కలపలేదు. గట్టిగా అడగాల్సింది, ఒంట్లో ఓపిక లేక ఊరుకున్నాను. మీరు ఊరుకోకండి. నచ్చని మనిషి వస్తే ఏజెన్సీకి ఫోన్ చేసి మార్చమని అడిగే హక్కు మీకుంది.

నాలుగో రోజు పొద్దున్న మళ్లీ పాత ఆవిడే వచ్చింది. అప్పటికి నేను మంచం మీద కూర్చుని ఏడుస్తున్నాను. ఎందుకంటే చెప్పలేను. పాలు కట్టి ఛాతీ రాయిలా ఉంది, బాబు కింద రొట్టె తిననని మారాం చేస్తున్నాడు, అమ్మ లేదు, ఒక్కటని కాదు. ఆవిడ మంచం అంచున కూర్చుని "క్రామ్‌ట్రానెన్" అంది. బాలింత కన్నీళ్లు అని అర్థం. దానికి ఈ భాషలో ఒక పేరే ఉందని తెలిసేసరికి, ఇది నాకొక్కదానికే వచ్చిన తెగులు కాదని ప్రాణం కుదుటపడింది. వేడిగుడ్డ కాపడం పెట్టి పాలు తాగించింది. తర్వాత పాపను తీసుకుని, కర్టెన్లు వేసి, తలుపు చేరవేసి వెళ్లిపోయింది. రెండు గంటలు నిద్రపోయాను. లేచి మెట్ల మీంచి చూస్తే, పాప తొట్లో నిద్రపోతోంది, ఆవిడ ఉతికిన బట్టలు మడతపెడుతూ మా బాబుతో డచ్‌లో లెక్కపెట్టిస్తోంది. ఒక్కో మేజోడుకూ ఒక్కో అంకె. రొట్టె ముట్టని పిల్లాడి ముందు, చాక్లెట్ పలుకులు చల్లిన రొట్టె ఖాళీ ప్లేటు.

మా బాబు అప్పటికి బడిలో చేరి నాలుగు వారాలు. ఇక్కడ నాలుగో పుట్టినరోజు రాగానే బడికి పంపేస్తారు. భాష రాక అక్కడ నోరు విప్పేవాడు కాదని టీచర్ చెప్పింది. ఆ ఎనిమిది రోజుల్లో వాడు ఇరవై దాకా డచ్‌లో లెక్కపెట్టడం నేర్చుకున్నాడు. పెద్దబిడ్డను చూసుకోవడం కూడా ఆవిడ పనిలో భాగమేనని నాకు ముందు తెలియదు. పెద్దపిల్లలున్నవాళ్లు ఇది గుర్తుపెట్టుకోండి.

ఆరో రోజు అమ్మ దిగింది. పెట్టెలో శొంఠి, మిరియాలు, వెల్లుల్లి కారం, కాయం. నెయ్యి, పాల వస్తువులు యూరప్‌లోకి తేనివ్వరు కాబట్టి వెన్న ఇక్కడే కొని కాచుకున్నాం. ఇక అమ్మకూ ఆవిడకూ ఎలా పొసుగుతుందోనని నాకు దిగులు. పొసగని చోట్లు వచ్చాయి. ఆవిడ కాటుక వద్దంది, అందులో సీసం ఉండొచ్చని. ముక్కులో నూనె చుక్కలు వద్దంది. సాంబ్రాణి పొగ అంటే చెయ్యి అడ్డంగా ఊపేసింది. అమ్మ ముఖం చిన్నబోయింది. "నేను నలుగురు పిల్లల్ని పెంచానే, ఈవిడ నాకు చెప్పడమేంటి?" అని వంటింట్లో నాతో అంది. నేను ఆవిడ పక్షమే తీసుకున్నాను, ఇప్పటికీ అదే సరైందంటాను. పసిపిల్ల ఊపిరి విషయంలో మన అలవాటు కన్నా వాళ్ల జాగ్రత్తే మేలు.

మర్నాడు స్నానం దగ్గర మాత్రం కథ వేరుగా నడిచింది. అమ్మ బాత్రూంలో చిన్న పీట మీద కూర్చుని, కాళ్లు బార్లా చాపి, పాపను కాళ్ల మీద బోర్లా పడుకోబెట్టుకుంది. కొబ్బరినూనె మెల్లగా వీపు మీద రాసి, బొటనవేళ్లతో నడుం దగ్గర్నుంచి భుజాల దాకా తోసింది. ఆవిడ తలుపు దగ్గర నిలబడి చూస్తోంది. వద్దంటుందేమోనని నేను ఎదురుచూస్తున్నాను. ఆవిడ ఏమీ అనలేదు. మణికట్టుతో నీళ్ల వేడి చూసి, చెంబు అందుకుని, అమ్మ తల ఊపినప్పుడల్లా సన్నగా పోయడం మొదలుపెట్టింది. నీళ్లు పాప ముఖం మీదికి రాకుండా అమ్మ అరచెయ్యి నుదుటి దగ్గర చూరులా అడ్డం పెడితే, ఆవిడ ఆ చెయ్యినే చూస్తూ, చెప్పకుండానే ధార పక్కకు తిప్పింది. ఇద్దరికీ ఒక్క మాట కలిసే భాష లేదు. పాప ఏడవలేదు. తుడిచాక అమ్మ అరికాల్లో దిష్టిచుక్క పెట్టబోతే, ముఖానికి కాదు కదా అని ఆవిడ నవ్వి ఊరుకుంది.

ఆ సాయంత్రం ఆడపిల్ల పుట్టిందని గులాబీరంగు చక్కెర గింజలు చల్లిన రస్కులు అందరికీ పెట్టాం. బెస్‌ఖౌట్ మెట్ మౌషెస్ అంటారు, ఇక్కడి ఆచారం. అమ్మ ఒకటి కొరికి "ఇది మన సోంపేనే!" అంది. నిజంగానే ఆ గింజల లోపల ఉండేది సోంపు జాతి గింజే. పాలు పడటానికి మంచిదని ఇక్కడి పెద్దవాళ్లూ అంటారట. మర్నాడు అమ్మ ఆవిడకు కాఫీ ఇచ్చే ముందు పిలవడం కూడా మానేసి, నేరుగా చేతికిచ్చింది.

బుక్ చేసుకునేవాళ్లకు ఇంకొన్ని: పుట్టిన మూడు రోజుల్లోపు టౌన్ హాల్లో జనన నమోదు చేయించాలి, అది భర్త పని, ఆవిడ గుర్తుచేస్తుంది గానీ చేయదు. కాలి మడమ నుంచి రక్తపు చుక్కలు తీసే పరీక్షకు మనిషి ఇంటికే వస్తారు. విటమిన్ డి చుక్కలు ముందే కొని పెట్టుకోండి. వంట గురించి ఎక్కువ ఆశించకండి, ఆవిడ చేసేది రొట్టె, సూపు. అన్నం, చారు మనమే చూసుకోవాలి. నేను తొమ్మిదో నెలలోనే పప్పుపొడి, చారుపొడి చేసి పెట్టుకున్నాను, అవే కాపాడాయి. ఇంగ్లీషు వచ్చిన మనిషి కావాలంటే బుక్ చేసేటప్పుడే చెప్పండి. రాత్రిపూట మనిషి ఉండదు. ఇది నాకు పెద్ద లోటే అనిపించింది.

ఐదుకు నాలుగున్నర ఇస్తాను. తగ్గించిన ఆ అర మూడో రోజుకు.

ఎనిమిదో రోజు ఆవిడ పుస్తకంలో చివరి పేజీ రాసి నాకిచ్చింది. పాప బరువు పుట్టిన బరువుకు డెబ్బై గ్రాముల దూరంలో ఉంది. కింద ఖాళీ చూపించి అమ్మ చేతికి పెన్ను ఇచ్చింది. అమ్మ కళ్లజోడు తెచ్చుకుని, గుండ్రటి అక్షరాలతో "పాప బాగుంది. నీళ్లు ఇద్దరం కలిసి పోశాము" అని రాసి సంతకం చేసింది. తర్వాతి వారం పిల్లల క్లినిక్ నుంచి నర్సు మా ఇంటికి వచ్చినప్పుడు ఆ పుస్తకం తిరగేస్తూ ఆ పేజీ దగ్గర ఆగింది. ఇదేం రాత అని అడిగింది. మా బాబు ముందుకొచ్చి, డచ్‌లో, "ఓమా" అన్నాడు. అమ్మమ్మ అని.